కువైట్ ఉర్లగడ్డల ట్రే

ఉదయగిరి,
ఆదివారం పొద్దున.

నా శీనమ్మక్కకు,

ప్రసన్న రాస్తున్నానక్కా. నడుము నొప్పి తగ్గిందా? పెద్ద మేడం ఇంకా ఉప్పు తక్కువైందని నస పెడుతూనే ఉందా, లేక నా తర్వాత వచ్చిన పిల్ల ఆమెను దారికి తెచ్చిందా? మర్రిపాడు వెంకటేష్ మళ్ళీ డ్రైవరు పనికి కువైట్ వస్తున్నాడు. ఈ ఉత్తరం, గోంగూర పచ్చడి, కరివేపాకు కారం వాడి చేతికే ఇస్తున్నాను. పచ్చడి సీసా దారిలో వాడు మూత తీయకుండా ఉంటే నీ అదృష్టం.

ఫోన్ చెయ్యక ఉత్తరమేంది అనుకుంటావు. నేను ఫోన్ చెవిన పెట్టుకుంటే చాలు, మా అత్త కామాక్షమ్మ ఎక్కడున్నా వచ్చి పక్కన కూర్చుంటుంది. ఇప్పుడు నేను చెప్పేది ఆమె వినకూడనిది. కాగితం మీద అయితే ఆమెకు చత్వారం కాబట్టి నాకు నిశ్చింత.

ముందు మంచి కబురు. మా అమ్మాయి దివ్యశ్రీకి సంబంధం కుదిరింది. పిల్లవాడి పేరు సుధీర్, ఊరు ఆత్మకూరు. నెల్లూరులో దివ్య పనిచేసే రక్తపరీక్షల ల్యాబ్‌లోనే వాడూ పనిచేస్తున్నాడు. వాళ్ళకు వాళ్ళు నచ్చుకున్న తర్వాతే మా దాకా వచ్చిందిలే. మనిషి నిదానం, కళ్ళలోకి చూసి మాట్లాడతాడు. తండ్రి చిన్నప్పుడే పోయాడట. తల్లి మాలకొండమ్మ నెల్లూరులో ఉండి కుట్టుమిషన్ తొక్కి పెంచిందని చెప్పారు. పెత్తనమంతా పెదనాన్న ఓబులయ్యది. ఆయన ఊరిలో నలుగురికీ తీర్పులు చెప్పే మనిషి. పరువు అనే మాట లేకుండా రెండు ముక్కలు మాట్లాడడు. వచ్చే నెల మా ఇంట్లోనే తాంబూలాలు.

ఇక నా కడుపులో ఉన్నది చెప్తాను. వాళ్ళు మొదటిసారి వచ్చినప్పుడు ఓబులయ్య నా గురించి అడిగాడు. నేను నోరు తెరిచే లోపల మా అత్త, మా కోడలు కువైట్‌లో ఆస్పత్రిలో పనిచేసి వచ్చిందని చెప్పేసింది. అక్కా, నేను అక్కడ ఆస్పత్రి గడప తొక్కింది నీకు జ్వరమొచ్చిన రోజు ఒక్కసారే కదా. మా ఆయన హరి తల వంచుకుని ఆటో తాళాలు తిప్పుకుంటూ కూర్చున్నాడు. మంచివాడే, తల్లి ముందు మాత్రం నోరు లేవదు. నేనూ ఊరుకున్నాను. అత్త నోరు నాకు కొత్తదేమీ కాదు.

నాకు తగిలింది అది కాదు. వాళ్ళు వెళ్ళాక దివ్య నన్ను పెరట్లోకి పిలిచి, తాంబూలాల రోజు కువైట్ మాట, వంట మాట ఎత్తొద్దమ్మా అంది. ఎందుకే అన్నాను. ఎందుకని అడగొద్దు అంది. అక్కా, నా బిడ్డ ముఖం పక్కకు తిప్పుకుని ఆ మాట అంది. ఊరంతా ఏమనుకున్నా నాకు లెక్కలేదు. కువైట్ పోయిన ఆడవాళ్ళ గురించి మన వైపు ఎలా మాట్లాడతారో నీకూ తెలుసు, నాకూ తెలుసు. అలాంటి మాటలు ఎన్ని విన్నా నా కంట నీళ్ళు రాలేదు. దీని మాటకు మాత్రం రెండు రోజులు అన్నం సయించలేదు.

నేను దొంగతనం చేశానా? గురువారం సాయంత్రాలు ఆ ఇంటి పెద్దాయన స్నేహితులంతా మగవాళ్ళు కూర్చునే దివానియా గదిలో చేరి కబుర్లు పెట్టుకుంటే, మనం పాలు, మైదాతో ఓవెన్‌లో కాల్చి పంపిన ఉర్లగడ్డల ట్రే గీకిన గిన్నెలా తిరిగి వచ్చేది. ఒకసారి ఆ నీలం కళ్ళజోడు ముసలాయన వంటగది గుమ్మం దాకా వచ్చి, ఇది చేసిందెవరు అని అడిగితే నువ్వు నన్ను ముందుకు తోశావు. ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచాడు. ఆ రోజు నేను ఎంత పొడుగు పెరిగానో నాకే తెలియదు. అంతకు ముందు నా చేతిలో మైదా ఉండలు కట్టిన ప్రతిసారీ నువ్వు వేసిన మొట్టికాయలు కూడా మర్చిపోలేదులే. మా అమ్మ పోయిన కబురు వచ్చిన రోజు నువ్వు ఏ ఓదార్పు మాటా చెప్పలేదు. ట్రే మూలన ఎర్రగా కాలిన ముక్క తీసి గిన్నెలో పెట్టి నా ముందు పెట్టావు. ఏడుస్తూనే తిన్నాను. తిన్నాక లేచి పనిలో పడగలిగాను. అలాంటి వంటను నేను దాచిపెట్టుకోవాలట.

అందుకే ఒక నిర్ణయానికి వచ్చాను. తాంబూలాల భోజనానికి వంటవాళ్ళను మాట్లాడారు. వాళ్ళు చేసేది చేసుకోనీ. మన ఉర్లగడ్డల ట్రేలు మాత్రం నేనే చేస్తాను. ఇది ఒట్టి కూరే, ఎవరికీ ఏమీ చెప్పదు. ఎవరూ అడక్కపోతే నేనూ చెప్పను, బిడ్డ మాట పోనివ్వను. ఎవరైనా నా ముఖం చూసి అడిగితే మాత్రం ఆస్పత్రి అనే అబద్ధం నా నోటితో చెప్పను. దాని వల్ల సంబంధం చెడిపోతే? ఆ భయం లేకపోలేదక్కా. అయినా ఆగలేను.

నీ మొట్టికాయలతో మనిషినైన,
ప్రసన్న


ఉదయగిరి,
తాంబూలాలు అయిన మూడో రోజు.

బంగారు శీనమ్మక్కకు,

ఈ ఉత్తరం చేజర్ల అమ్మాయి నిరోష తెస్తుంది. మొదటిసారి వస్తోంది, కాస్త కనిపెట్టుకో. ఏమైందో అని నువ్వు ఎదురుచూస్తూ ఉంటావు. పెళ్ళి నిలిచిందా చెడిందా అని వెతుక్కుంటూ కిందికి పోవద్దు, వరసగా చదువు. నేను ఎంత గొప్పగా చేశానో నువ్వు మొదటి నుంచీ వినాలి.

మన ఊళ్ళో ఇంటికో ఓవెన్ ఎక్కడిది? బస్టాండు దగ్గర డేవిడ్‌రాజు బేకరీ ఉంది, కట్టెలతో కాలే ఇటుకల పొయ్యి. ట్రేలు పట్టుకుని పోతే ఆయన నవ్వాడు. ఉర్లగడ్డ కూరకు బేకరీ ఏందమ్మా అన్నాడు. రొట్టెలు దించిన వెంటనే పెట్టమన్నాడు. నేను పెట్టలేదు. ఆ వేడికి పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది కదా. పొయ్యి నెమ్మదించిందాకా అక్కడే స్టూలు వేసుకుని కూర్చున్నాను. చీజ్ దొరక్క బర్రెపాల మీగడ వారం నుంచీ కూడబెట్టాను. ఖీమా బదులు ఎర్రగా వేయించిన ఉల్లిపాయలు, పచ్చి బఠాణీ. చక్రాలుగా కోసిన ఉర్లగడ్డ ఒక వరస, ఉల్లిపాయ ఒక వరస, పైన మిరియాల పొడి వేసి కాచిన చిక్కటి పాలు, ఆ పైన మీగడ, ఆయన దగ్గరి రస్కుల పొడి. పాలల్లో మైదా ఒక్క ఉండ కూడా కట్టలేదు, వింటున్నావా? డేవిడ్‌రాజు పొడుగు చెక్క పారతో మొదటి ట్రే బయటికి లాగేసరికి బస్సు కోసం నిలబడ్డ వాళ్ళంతా ఇటు తిరిగారు. ఆయన నవ్వు ఆగిపోయి, ఇది ఎట్ట చేస్తారమ్మా అని నెమ్మదిగా అడిగాడు. పెళ్ళి అయ్యాక చెప్తానన్నాను.

హరి ఆటోలో ట్రేలు ఇంటికి చేర్చాడు. ముహూర్తం భోజనాల తర్వాత పడింది కాబట్టి ముందే బంతి వేశాం. మగపెళ్ళివారికి వేడివేడిగా వడ్డించాలని మా అత్త కత్తి పట్టుకుని ట్రే మీద పడింది. నేను అన్నాల గిన్నెతో రెండు బారల దూరంలో ఉన్నాను. నాకంటే ముందు పక్కనే ఉన్న మాలకొండమ్మ మా అత్త చెయ్యి పట్టుకుంది.

"పెద్దమ్మా, ఇప్పుడే కొయ్యబాకండి. కాసేపు ఆరనియ్యాల. వేడి మీద కోస్తే లోపలి పాలంతా కారిపోతాది."

మా అత్తకు ఏమీ అర్థం కాలేదు, సరేనని కత్తి పక్కన పెట్టింది. నేను మాత్రం ఉన్నచోటే ఆగిపోయాను. ఉదయగిరిలో గానీ ఆత్మకూరులో గానీ ఈ వంట చూసినవాళ్ళు లేరు. నెల్లూరులో కుట్టుమిషన్ తొక్కిన మనిషికి ఈ ట్రే ఆరనివ్వాలని ఎలా తెలుసు? ఆమె నా వైపు చూసింది. తను ఏమన్నదో ఆమెకు అప్పుడే తెలిసింది. ముఖంలో రక్తం లేదు. అక్కా, నాకు అంతా అర్థమైపోయింది. ఆమెది కూడా మన బతుకే. నేను కళ్ళు దించుకుని అన్నం వడ్డించడానికి పోయాను. నా కథ చెప్పుకునే హక్కు నాకుంది గానీ ఆమె కథ నాది కాదు.

ముందు దించి అప్పటికే ఆరిన ఇంకో ట్రేలోది ఓబులయ్య ఒక ముక్క తిన్నాడు, ఇంకొకటి అడిగి వేయించుకున్నాడు. ఇది ఏ ఊరి వంటోళ్ళు చేసినారని మా అత్తను అడిగాడు. బేకరీవాళ్ళు చేశారని ఆమె చెప్పింది. ఆయన వినలేదు. నా వైపు తిరిగి, నువ్వు చెప్పమ్మా, ఎవరు చేసినారు అని సూటిగా అడిగాడు. బంతిలో చేతులన్నీ ఆగాయి. దివ్య గుమ్మం పక్కన నిలబడి నన్నే చూస్తోంది. దాని కళ్ళల్లో వద్దని ఉంది. చూశాను. చూసి కూడా చెప్పాను, నేనే చేశాను, కువైట్‌లో నేర్చుకున్నాను అని.

"ఆస్పత్రి అని చెప్పినారే. అంటే ఇళ్ళల్లో పనికి పోయినావా?"

"ఇంటి పనికే పోయినానన్నా. తొమ్మిదేళ్ళు ఒకే ఇంట్లో వంట చేసినాను. ఆ వంటతోనే నా బిడ్డ చదివింది. నాకు అందులో సిగ్గేమీ లేదు."

 తల ఎత్తే చెప్పానక్కా. ఓబులయ్య విస్తరి ముందు నుంచి చెయ్యి తీసేశాడు. ఇట్ట దాచిపెట్టి సంబంధం కలుపుకుంటే మా పరువేం కావాలని తన పక్కవాళ్ళతో అన్నాడు. మా అత్త నన్ను నమిలేసేలా చూసింది. హరి అయితే మొదటిసారి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.  అది చాలు. అంతా అయిపోయిందనే అనుకున్నాను. నా గర్వం కోసం బిడ్డ పెళ్ళి చెడగొట్టానా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

అప్పుడు మాలకొండమ్మ లేచి, ఇందాక కొయ్యకుండా ఆపించిన ట్రే దగ్గరికి నడిచింది. ఆరిందో లేదో అంచు మీద వేలు పెట్టి చూసి, కత్తి తీసుకుని, పాలు ఒక్క చుక్క కారకుండా నలుచదరంగా ముక్కలు కోసింది. మనం కోసేలాగే. ఒక ముక్క తీసుకెళ్ళి ఓబులయ్య విస్తట్లో పెట్టి అక్కడే నిలబడింది.

"బావా, ఆయన పోయినాక నేను ఆరేళ్ళు యాడ ఉన్నానో నీకు తెలియదా? నేనూ ఇదే చేసినాను. కుట్టుమిషన్ అని చెప్పమన్నది నువ్వే. ఇన్నాళ్ళూ చెప్పినాను. ఇంక చెప్పను."

 ఓబులయ్య పెద్దరికమంతా ఆ విస్తరి మీదికి వంగిపోయింది. ఆయన ఏమంటాడో అని అందరం చూస్తుంటే, ఆ ముక్క తినడం మొదలుపెట్టాడు. నోట్లో ముద్ద ఉండగానే, ముహూర్తం దాటిపోతాది, తొందరగా కానీండి అన్నాడు. అదే ఆయన ఒప్పుకోవడం. తాంబూలాలు మార్చుకున్నాం. మాలకొండమ్మ వదినా నేనూ ఒకరి చేతులు ఒకరం పట్టుకుని వదిలితే ఒట్టు. ఏ ఏరియాలో ఉన్నావు, నీ మేడం ఎలాంటిది, నీకు సెలవు ఇచ్చేవాళ్ళా అని ఒకటే ప్రశ్నలు. పక్కన పంతులు గారు దగ్గినా మాకు పట్టలేదు.

అందరూ వెళ్ళాక దివ్య ముందుకు నేనే పోయాను. అది వద్దన్న పని చేశాను కదా. నీకు సిగ్గుగా ఉంటే ఉండనీవే, నేను మాత్రం దాచలేను అన్నాను కాస్త గట్టిగానే. అది నా ముఖం వైపు వింతగా చూసింది.

"నీ గురించి సిగ్గుపడి వద్దన్నానా నేను? సుధీర్ వాళ్ళమ్మ కూడా కువైట్‌లోనే పని చేసినారమ్మా. ఆ సంగతి బయటపడితే ఆమె తట్టుకోలేదని వాడు భయపడినాడు. నీకు కూడా చెప్పనని మాటిచ్చినాను. మీ ఇద్దరూ కువైట్ మాట మొదలుపెడితే ఆమె దొరికిపోతాదని వద్దన్నాను."

 అది అక్కడితో ఆపలేదు.

"మా ల్యాబ్‌లో ఎవరినైనా అడుగు. మా అమ్మ కువైట్‌లో వంట చేసి నన్ను చదివించిందని చేరిన రోజే చెప్పినాను. సుధీర్ నాతో మొదట మాట్లాడింది ఆ మాట విని."

శీనమ్మక్కా, ఆ సంబంధం మా ఇంటికి వచ్చిందే నా వంట వల్ల. నేనేమో నా బిడ్డకు నేను సిగ్గని నెల రోజులు లోపల్లోపల కాలిపోయాను. గట్టిగా ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను. దివ్య నన్ను పట్టుకుని, ఇంకా ఏందమ్మా అంటూ తనూ ఏడ్చింది. మా అత్తకు మేమెందుకు ఏడుస్తున్నామో అర్థం కాక మాకు మంచినీళ్ళు తెచ్చిచ్చింది. నిన్నటి నుంచి ఆమె పాట మార్చింది. నన్ను వంట నేర్చుకోమని తనే కువైట్ పంపినట్టు వీధంతా చెప్తోంది. చెప్పుకోనీ.

పెళ్ళి ఆత్మకూరులో. వంటవాళ్ళు వేరే ఉన్నా ఉర్లగడ్డల ట్రేలు మాత్రం మాలకొండమ్మ వదినా నేనూ కలిసి చేస్తాం. అక్కడ బేకరీ మాట్లాడే పని ఓబులయ్యే నెత్తిన వేసుకున్నాడు. నువ్వు సెలవు అడుగు. ఇవ్వకపోతే పోట్లాడు, పోట్లాట నీకు నేర్పనక్కర్లేదు. పెళ్ళిలో నువ్వెవరని ఎవరైనా అడిగితే, నాకు పని నేర్పిన వంటమనిషి అని అందరికీ వినపడేలా నేనే చెప్తాను.

నీ చెల్లెలు,
దివ్యశ్రీ తల్లి, వంటమనిషి
ప్రసన్నకుమారి