రేవు స్టాంపులో నీలం చొక్కా

న్యూఫౌండ్లాండ్, గానెట్ హార్బర్ ఉత్తరపు ఒడ్డున ఉంటున్న జోలీన్ స్నెల్‌గ్రోవ్, వయసు ఇరవై ఐదు, అను నేను నిండు తెలివితో చేస్తున్న వీలునామా ఇది. ఎవరి ఒత్తిడీ లేదని రాయాలట. అమ్మది ఉంది. "కాగితం రాయకుండా పీతల పడవ ఎలా ఎక్కుతావో చూస్తాను" అంది. సోమవారం పడవ కదులుతుంది. అమలు బాధ్యత కూడా అమ్మదే.

1. నా రబ్బరు బూట్లు అమ్మకి. ఎలాగూ అవి తొడుక్కునే కోళ్ళ దగ్గరికి వెళుతోంది.

2. చరిత్రలో నా డిగ్రీ పట్టా చెల్లెలు టెస్సాకి. వెనకవైపు ఖాళీగానే ఉంది.

3. మా రేవు బొమ్మతో వచ్చిన స్మారక స్టాంపు, ముద్ర పడనిది, అదీ టెస్సాకే. పాత ఫోటో చూసి గీశారు. దక్షిణపు ఒడ్డున పసుపు ఇల్లు మా తాతయ్య అజరయాది, పక్కన తెల్లది ఆయన అన్న, మా పెదతాత గార్లండ్‌ది. రెండిళ్ళకీ ఒకటే బట్టల తీగ, దాని మీద గోరంత నీలం చొక్కా. అది నాదంటే నాదని ఇద్దరూ నాతో విడివిడిగా చెప్పారు. నేను పుట్టకముందే పోయిన ఆ తీగని భూతద్దం పెట్టి ఎన్నిసార్లు చూశానో.

తర్వాత ఊరికి రోడ్డు వేస్తే అది ఉత్తరపు ఒడ్డుకే వచ్చింది. తాతయ్య తన చెక్క ఇంటికి ఖాళీ పీపాలు కట్టి నీళ్ళ మీద ఇవతలికి తేల్చుకొచ్చాడు. ఇల్లు లాగడానికి మా దగ్గర ఎవర్నీ పిలవరు. కేక వినపడితే వచ్చి తాడు పట్టుకుంటారు. ఊరంతా పట్టింది. పెదతాత రాలేదు. అప్పట్నుంచీ మాటల్లేవు.

"తోడబుట్టినవాణ్ణి బతిమాలాలా?" అంటాడు తాతయ్య.

"ఊరికి కేక చాలు. వాడు వెళ్ళిపోతున్నది నా పక్కనుంచి. గుమ్మంలోకొచ్చి అన్నా అంటే ఆ ఇల్లు నేనొక్కణ్ణే లాగేవాణ్ణి. బూట్లేసుకుని కూర్చున్నానే పిల్లా" అంటాడు పెదతాత.

ఇప్పుడు ఒకరికి గుండె బాగాలేదు, ఒకరికి చూపు తగ్గింది.

4. చేత్తో రాస్తే సాక్షులు అక్కర్లేదట. అందుకే టైపు చేయించాను. సాక్షులిద్దరూ ఒకే గదిలో, ఒకేసారి ఉండాలని చట్టం. సాక్షులకి రాసిన ఆస్తి చెల్లదు కాబట్టి వాళ్ళిద్దరికీ ఏమీ రాయలేదు.

5. ఈ సంతకానికి పెదతాతని పిలవడానికి తాతయ్యే వెళ్ళాలి, గుమ్మం దాకా. ఒడ్డునుంచి కేకేస్తే ఒప్పుకోను. ఆయన ఈసారీ బూట్లేసుకునే ఉంటాడు.

2019 ఏప్రిల్ 6, శనివారం, మా వంటగది బల్ల దగ్గర.

(సంతకం) జోలీన్ స్నెల్‌గ్రోవ్

ఆమె సంతకం చేయగా చూసి, ఒకరి ఎదుట ఒకరం సంతకం చేసిన సాక్షులం:

అజరయా స్నెల్‌గ్రోవ్

గార్లండ్ స్నెల్‌గ్రోవ్ (గీత కనపడక, తమ్ముడు వేలు పట్టి చోటు చూపించగా)