బో ఊళ్ళో గవర్నమెంటు మారింది

బో, సియెర్రా లియోన్, పశ్చిమ ఆఫ్రికా,
2 ఏప్రిల్ 1967

అప్పకి, బావకి నమస్కారాలు.

నేనూ పద్మా క్షేమం. ఈ మాట ముందు రాసి, కింద గీత కూడా గీశాను. తరవాతి సంగతి చదివి నువ్వు కంగారు పడతావని నాకు తెలుసు.

ఇక్కడ ప్రభుత్వం మారింది. అదీ ఒకసారి కాదు. ఎన్నికలయ్యాక మంగళవారం నాడు కొత్త ప్రధానమంత్రి ప్రమాణం చేశాడు. ఆయన కూర్చున్న కుర్చీ వెచ్చబడకముందే సైన్యాధిపతి వచ్చి ఆయన్ని పట్టుకుపోయాడు. గురువారం నాడు ఆ సైన్యాధిపతిని ఆయన కింది ఆఫీసర్లే పట్టుకుపోయారు. మా స్కూల్లో ప్యూను గోడ మీది ఫోటో దించి చేత్తో పట్టుకుని, "సార్, కొత్త ఫోటో ఇప్పుడే తగిలించమంటారా, ఇంకో రెండు రోజులు ఆగమంటారా?" అని నన్నడిగాడు. లెక్కల మాస్టర్ని కదా, నేనే లెక్క తేల్చాలనుకున్నాడు పాపం.

సాయంత్రం అయ్యేసరికి కర్ఫ్యూ. రేడియోలో బ్యాండు సంగీతం తప్ప ఇంకేమీ లేదు. పక్కింటి మామీ హవా మాత్రం యథాప్రకారం గిన్నె నిండా కర్రపెండలం ఆకు కూర తెచ్చింది. బజార్లో బట్టలమ్ముకునే ముసలావిడ. ఆవిడ మాట వింటే నాకు నరసన్నపేట బజారే గుర్తొస్తుంది. అందుకని ఆవిడ మాటలు మన మాటల్లోనే రాస్తున్నాను: "గవర్మెంటు మారితే మారింది గానీ, నీ ఆడది తిందేటి? దాని మొకం సూడు, ఎలా పీక్కుపోనాదో!"

మా గురించి బెంగ వద్దు.

నీ తమ్ముడు
గణపతిరావు

తా.క.: ప్యూను ఫోటోకి బదులు క్యాలెండరు తగిలించాడు. ఇది డిసెంబరు దాకా మారదు సార్ అన్నాడు.

*

నరసన్నపేట,
22 ఏప్రిల్ 1967

చిరంజీవి గణపతికి మీ అప్ప లక్ష్మీనరసమ్మ దీవించి రాయునది.

నీ ఉత్తరం అందింది. రేడియోలో సంగీతం అన్నచోట ఆగిపోయాను. మీ బావ, "ఏటయ్యిందే, సదువు" అన్నారు. ఉత్తరం మడిచేసి, ఇది రాయడానికి కూర్చున్నాను.

ఒరే, రంగూన్‌లోనూ సైన్యం వచ్చినప్పుడు రేడియోలో ముందు సంగీతమే వేశారు. మనకేమిటి, బియ్యం కొట్టు వాళ్ళం, మనల్నెవరు పట్టించుకుంటారని మీ బావ అన్నారు. రెండేళ్ళు తిరిగేసరికి కొట్టు వాళ్ళది, ఇల్లు వాళ్ళది. ఓడ ఎక్కేటప్పుడు నా మెళ్ళో పుస్తెలు కూడా విప్పి బల్ల మీద పెట్టమన్నారు. పసుపు తాడుతో విశాఖపట్నంలో దిగాను. నీకు తెలియనిదా.

అంచేత నా మాట విను. పెట్టె సర్దుకుని వచ్చెయ్యండి. మీ బావ గరివిడి వెళ్ళి వాకబు చేశారు. అక్కడొక స్కూల్లో లెక్కల మాస్టరు కావాలట. పద్మ గొలుసు లంగా అంచులో పెట్టి కుట్టెయ్యమను.

ఇంకో మాట. సిపాయిలు ఉత్తరాలు చదువుతారు. మీకు కష్టంగా ఉంటే 'వంకాయలు బాగున్నాయి' అని రాయి. సుఖంగా ఉంటే 'వంకాయలు పుచ్చిపోయాయి' అని రాయి. మిగతాది నేను గ్రహించుకుంటాను.

పద్మకి నా ఆశీస్సులు. త్వరగా రండి.

మీ అప్ప

తా.క.: ఉత్తరం అంటించబోతుంటే మీ బావ, "గుట్టంతా ఇందులోనే రాసీసినావు, సిపాయిలు ఇది సదవరేటే?" అన్నారు. నిజమే. సిపాయి బాబూ, చదివితే ఆ వంకాయల ముక్క మరిచిపో నాయనా.

*

బో,
20 ఏప్రిల్ 1967

అప్పకి నమస్కారాలు.

నీ దగ్గర్నుంచి ఇంకా జవాబు రాలేదు గానీ, హడావుడిగా నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మొన్న కర్ఫ్యూ వేళకి సిపాయిలు వచ్చి నన్నూ పద్మనీ లారీ ఎక్కించి తీసుకెళ్ళారు. పద్మని అక్కడే ఉంచేశారు. మంచం దిగనివ్వడం లేదు. ఎన్నాళ్ళు ఉంచుతారో చెప్పలేమన్నారు. నన్ను ఇంటికి పంపేశారు. సాయంత్రాలు వెళ్ళి చూడొచ్చు. ఎందుకు, ఏమిటి అని ఇప్పుడు అడగకు. వేళ వచ్చినప్పుడు నేనే రాస్తాను. నువ్వు మాత్రం కంగారు పడకు.

తిండికి నాకేం లోటు లేదు. మామీ హవా పెరట్లో వంకాయలు చాలా బాగున్నాయి.

నీ తమ్ముడు
గణపతి

తా.క.: నా గొడుగు సిపాయిల లారీలో ఉండిపోయింది. అడగడానికి మొహమాటంగా ఉంది.

*

నరసన్నపేట,
12 మే 1967

నాయనా గణపతీ,

వంకాయలు అన్న మాట చదవగానే కూలబడ్డాను. పక్కింటి అసిరమ్మ మొహాన నీళ్ళు కొట్టింది. "సాలా బాగున్నాయని రాసినాడే! బాగున్నాయి కాదు, సాలా బాగున్నాయట!" అని నేను ఏడుస్తుంటే, పాపం దానికేమీ తెలియక, "బాగుంటే ఏడుస్తావేటప్పా, ఇత్తనాలు పంపమను" అంది.

బస్సెక్కి శ్రీకాకుళం వెళ్ళి కలెక్టరాఫీసులో కూర్చున్నాను. మా మరదల్ని పరాయి దేశంలో సిపాయిలు పట్టుకెళ్ళారు బాబూ అని గుమస్తాతో చెప్పాను. ఏ దేశం అన్నాడు. సియెర్రా లియోను అన్నాను. అతను సిలోను అని రాసుకున్నాడు. కాదు బాబూ అంటే, "సిలోనే అమ్మా, నువ్వు సాగదీసి అంతన్నావు" అన్నాడు. ఇప్పుడు మీ ఇద్దరి పేర్లూ సిలోను కాయితాల్లో ఉన్నాయి. అక్కడికి గాని ఎవరైనా తెలిసినవాళ్ళు వెళ్తే చెప్పాలి.

మీ బావ రెండు రోజులుగా అన్నం సరిగా తినడం లేదు. నాతో మాత్రం, "ఏటీ కాదే, వస్తారు" అంటున్నారు. ఓడరేవులోనూ ఇలాగే అన్నారు.

ఇక ఎవరినీ నమ్ముకోక నేనే ఒక ఉత్తరం రాశాను. వాళ్ళ భాషలోకి మార్చి ఆ సిపాయిల పెద్దకి చదివి వినిపించు. ఒక్క ముక్క తగ్గించకు.

'బో ఊరి సిపాయిల పెద్దకి నరసన్నపేట లక్ష్మీనరసమ్మ నమస్కరించి రాసుకునేది. బాబూ, నువ్వెవరో నాకు తెలియదు. నీకూ తల్లి ఉండే ఉంటుంది. మా పద్మకుమారి ఏ ప్రభుత్వాన్నీ ఏమీ అనే మనిషి కాదు. మొగుణ్ణే ఏమీ అనదు. దానికి చీకటంటే భయం, పక్కన దీపం ఉంచు. కారం లేకపోతే ముద్ద దిగదు. దాన్ని ఇంటికి పంపేసి, బదులు నన్ను ఉంచుకో. నాకు ఇది అలవాటే. ఇదివరకు ఒక ప్రభుత్వానికి ఇల్లు, కొట్టు, మెళ్ళో పుస్తెలు ఇచ్చేశాను. తీసుకోవడానికి నా దగ్గర ఇంకేమీ లేదు కాబట్టి నీకూ నాకూ పేచీ రాదు.'

ఇదే సంగతి. ధైర్యంగా ఉండు.

అప్ప

తా.క.: గొడుగు వాళ్ళనే ఉంచుకోమను. గొడుగు దగ్గర మాట రానీయకు.

*

బో,
3 జూన్ 1967

అప్పకి నీ తమ్ముడు కాళ్ళ మీద పడి రాయునది.

నీ ఉత్తరాలు రెండూ ఒకేసారి అందాయి. వంకాయల గుట్టు నాకు ఈవేళే తెలిసింది. వంకాయలు వట్టి వంకాయలే అప్పా. నిజంగానే బాగున్నాయి. ఇప్పుడు బాగున్నాయనాలో పుచ్చిపోయాయనాలో కూడా తెలియడం లేదు.

పద్మని ఉంచింది ఆస్పత్రిలో. దానికి మూడో నెలలో నొప్పి వచ్చింది. ఇంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు, నీకు చెప్పలేదు. పద్మ చెప్పనివ్వలేదు. రంగూన్ నుంచి వచ్చి అప్పుడే కాస్త తేరుకుంటున్నారు, వదినకి మన దిగులు కూడా ఎందుకంది. ఈసారి అయిదో నెల వచ్చేదాకా నోరెత్తనని నాచేత ఒట్టు పెట్టించింది. అందుకే ఆస్పత్రి అన్న మాట మింగేశాను. అది మింగితే మిగిలిన ఉత్తరం జైలుకథలా తయారవుతుందని నా బుర్రకి తట్టలేదు.

ఆ సాయంత్రం కర్ఫ్యూలో బండి లేదు, మనిషి లేడు. మామీ హవా వీధిలోకి పోయి సిపాయి లారీకి అడ్డంగా నిలబడింది. "తుపాకీ దించి తలుపు తియ్యి! లోపల పిల్ల ఉన్నాది, దాని కడుపులో పిల్ల ఉన్నాది!" అని అరిచింది. లారీలో ఉన్న కార్పొరల్ పద్మని పసిపిల్లలా ఎత్తి ఎక్కించాడు. ఆయన తరవాత కూడా రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళాడు.

నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. ఒక్క ముక్క తగ్గించలేదు. నీకూ తల్లి ఉండే ఉంటుంది అన్నచోట టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అంతా విని, "నాకు ఇంతవరకూ ఎవరూ ఉత్తరం రాయలేదు మాస్టారూ, ఇది నేనుంచుకోవచ్చా?" అన్నాడు. ఇచ్చేశాను. మర్నాడు వెళ్ళేసరికి పద్మ మంచం పక్కన స్టూలు మీద ఒక కొత్త లాంతరు ఉంది.

ఇప్పుడు అయిదో నెల వచ్చింది. డాక్టరు కదలొద్దన్నాడు కాబట్టి మేము రాలేం. ఈ ఏడు మేము సెలవుకి ఇండియా రావడానికి స్కూలు వాళ్ళిచ్చే విమానం టిక్కెట్టు ఉంది. దాని మీద నువ్వు రా. పద్మ పగలంతా బాగానే ఉంటుంది. సాయంత్రం అయితే, "ఒదిన ఉంటే బాగున్ను" అంటుంది. నేను లాంతరు వెలిగిస్తాను.

నీ తమ్ముడు
గణపతి

తా.క.: గొడుగు వచ్చింది. విరిగిన పుల్ల బాగుచేసి మరీ ఇచ్చాడు.

*

నరసన్నపేట,
25 జూన్ 1967

చిరంజీవులు గణపతికీ పద్మకీ,

నీ ఉత్తరం మీ బావకి మూడుసార్లు చదివి వినిపించాను. ఆయన లేచి పెరట్లోకి వెళ్ళారు. ఎంతసేపటికీ రాకపోతే వెళ్ళి చూశాను. కంట్లో నలక పడిందన్నారు. రెండు కళ్ళలోనూ పడిందట.

పద్మా, నాకు దిగులు ఎక్కువవుతుందని దాచావా తల్లీ? నేను మోసినవాటి పక్కన అదొక బరువా? ఇంకెప్పుడూ అలా చెయ్యకు.

రమ్మని రాశారు. నేను రాలేను నాన్నా. విశాఖపట్నంలో దిగిన రోజున, మళ్ళీ ఓడ ఎక్కనని, పరాయి దేశం మట్టి తొక్కనని సింహాచలం అప్పన్న మీద ఒట్టు వేసుకున్నాను. అక్కడ గవర్నమెంటు మళ్ళీ మారితే నా ప్రాణం నిలవదు. మామీ హవా ఉంది కదా, ఆవిడ నాకంటే గట్టి మనిషిలా ఉంది. మీరే ధైర్యంగా ఉండండి. నన్ను ఇంకోసారి రమ్మనకండి.

మీ అప్ప

తా.క.: విమానం ఓడ కిందికి రాదని పూజారిగారు చెప్పారు. మట్టి సంగతి అడిగితే, చెప్పులు వేసుకోమన్నారు. పద్మ పురుటికి కాయం పొడి, సాంబ్రాణి పట్టుకెళ్తే ఆపుతారా? పాస్‌పోర్టు ఫోటో తీయించుకోవడానికి మీ బావ నన్ను సాలూరు వెళ్ళే లారీలో శ్రీకాకుళం తీసుకెళ్తున్నారు. వెంటనే జవాబు రాయి.

*

బో,
28 ఏప్రిల్ 1968

శ్రీవారికి నమస్కరించి రాయునది.

మీరు కులాసాగా ఉన్నారని, అసిరమ్మ వేళకి కూర పంపిస్తోందని తలుస్తాను. మన చిన్నతల్లి బొద్దుగా ఉంది. అక్టోబరులో పుట్టినప్పుడు పిల్లిపిల్లంత ఉండేది. ఇప్పుడు ఎత్తుకుంటే నా చెయ్యి లాగుతోంది. పురుడయ్యాక వచ్చేస్తానన్నాను. నెల, ఇంకో నెల అని మీకు రాస్తూనే ఉన్నాను. మీరు ఒక్కసారి కూడా ఎప్పుడొస్తావని అడగలేదు. అడగనందుకే ఎక్కువ బాధగా ఉంటుంది.

ఒక సంగతి చెప్పాలి. కూర్చుని చదవండి. ఇక్కడ గవర్నమెంటు మళ్ళీ మారింది.

ఈసారి మామూలు సిపాయిలు లేచి ఆఫీసర్లందర్నీ పట్టుకున్నారు. రేడియోలో మళ్ళీ బ్యాండు. గణపతి అటక ఎక్కాడు. పెట్టెలు దించాడు. "అప్పా, నువ్వు పద్మనీ పిల్లనీ తీసుకుని ఎలిపో. గరివిడి ఉజ్జోగం ఉన్నాదో లేదో బావకి టెలిగ్రాం ఇస్తాను" అన్నాడు. పద్మ గొలుసు తీసి లంగా అంచులో కుట్టడం మొదలెట్టింది. నేను చెప్పినట్టే చేస్తున్నారు ఇద్దరూ.

నాకూ భయం వేసింది. పిల్లని గుండెకి హత్తుకుని గది మూల కూర్చున్నాను. రంగూన్‌లో మనిద్దరం తలుపు గడియ పెట్టుకుని కూర్చోలేదూ, అలాగే.

ఇంతలో వీధిలో గోల. తలుపు మీద దబదబ. గణపతి తియ్యొద్దన్నాడు. బయట మామీ హవా అరుస్తోంది. ఆవిడ భాష నాకిప్పటికీ సగమే తెలుస్తుంది గానీ, ఆ అరుపు కష్టానికి అరిచినట్టు లేదు. నేనే లేచి గడియ తీశాను. వీధి నిండా జనం. చేతుల్లో ఆకుకొమ్మలు, గిన్నెలు, గరిటెలు. ఒకటే ఆట, పాట. జనం ఓట్లేసి గెలిపించినవాళ్ళే మళ్ళీ వస్తారని సంతోషమట. మామీ హవా నా చెయ్యి పట్టుకుని లాగింది.

మీకు తరవాత ఎవరైనా చెప్తారు కాబట్టి నేనే చెప్తున్నాను. ఆడాను. ఎక్కువ కాదు. చంకలో పిల్ల ఉంది. చెప్పులు ఎక్కడో జారిపోయాయి. కార్పొరల్ కూడా కనిపించాడు. నన్ను చూసి టోపీ తీశాడు. ఇంటికొచ్చి గణపతితో అన్నాను: "పెట్టిలు అటక మీద ఎట్టీరా. పిల్ల పుట్టిన ఊరు ఇది. నీకు ఇష్టవైతేనే వద్దువుగానీ, భయపడి మాత్రం రాకు." స్కూలు వాళ్ళు ఇంకా మూడేళ్ళు ఉండమంటున్నారు. నిన్న సంతకం పెట్టాడు.

ఇక మన సంగతి. నన్ను పిలవడం మీకు రాదు, మీరొస్తాననడం మీకు రాదు. అందుకని నేనే గణపతితో మీకు టిక్కెట్టు రాయించాను. తలుపుకి తాళం పెట్టి, తాళంచెవి అసిరమ్మకి ఇచ్చి రండి. మేనకోడల్ని చూసుకుంటూ ఓ ఏడాది ఉందాం. తరవాత ఇద్దరం కలిసే పోదాం. ఈసారి ఎవరూ పొమ్మనకుండా, అందరికీ చెప్పి పోదాం.

ఇట్లు మీ
లక్ష్మీనరసమ్మ

తా.క.: పిల్లకి కింది పన్ను వచ్చింది. ముందు ఎవరు చూశారని నాకూ మామీ హవాకీ పొద్దున్నే పెద్ద యుద్ధం. ఆవిడ భాషలో ఆవిడ, నా భాషలో నేను. పద్మ ఇద్దర్నీ బయటికి నెట్టి తలుపేసింది. మెట్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఆవిడ ఇంకా గొణుగుతూనే వేరుశెనక్కాయలు ఒలిచి నా ఒళ్ళో పోస్తోంది.