జడ్జిగారి ఆఖరి రోజు

చిక్కడపల్లి, 1969, శుక్రవారం

ఈరోజు హైకోర్టులో జడ్జిగారికి ఆఖరి రోజు. అరవై రెండు నిండాయని దండలు వేసి పంపారు. మా ఆవిడ సుశీలను టీచరు ఉద్యోగం నుంచి తీసేసిన కేసులో ఆయన ముందు వాదనలు సగంలోనే ఉన్నాయి.

బడివాళ్ల వకీలు జ్వరమనీ, పెళ్లనీ నాలుగు వాయిదాలు తీసుకున్నాడు. మా వకీలు యాదగిరిగారు ఒక్కసారీ అడ్డు చెప్పలేదు.

"జర సబర్ చేయుండ్రి సార్. కొత్త జడ్జి ముంగట మల్ల షురూ చేస్తం. వయసైతే ఎవరైనా దిగాలె గద!" అన్నారు ఆయన.

"దిగాలి. ఆ తేదీ అవతలివాళ్లకూ తెలుసు కదండీ" అన్నాను.

ఆయన నవ్వి ఫైలు కట్టేశారు. ఎందుకు నవ్వారు?

జడ్జికి వయోపరిమితి ఉండాల్సిందే. మొదలుపెట్టిన కేసు ముగించాకే దిగాలనీ ఉండాలి. సుశీల తప్పేమీ లేదన్న మాట ఆమె బతికుండగా వినలేదు, పోయాకైనా కోర్టు చెప్పాలి.

రేపు పొద్దున్నే నారాయణగూడలో యాదగిరిగారి ఇంటికి వెళ్లి, కొత్త జడ్జిగారు ఎప్పుడు దిగిపోతారో అడుగుతాను.