ముక్కులో నిమ్మకాయ

2004 ఫిబ్రవరి, ఆదివారం రాత్రి, మేడ్చల్

మా ముసలాయన ఈ పూట అడిగి మరీ రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆయన చేయి వణుకుతుంది. ఎంతో ఇష్టంగా చేసుకున్న రిమోట్‌తో ఎగిరే బొమ్మ యుద్ధ విమానం పోయిన వారం పెద్ద ఇంజన్ వేగానికి అదుపు తప్పి పడింది. ఇంకోసారి పడితే పొయ్యిలో పెడతానన్నాడు. అన్నంత పనీ చేసే మనిషి.

కోడలు పద్మ చిన్న ఇంజన్ తెచ్చి బిగించింది. నేను ఊరుకుంటానా?

"యుద్ధ విమానానికి గింత ఇంజనా? ఎడ్లబండికి మేకను కట్టినట్టుంది!"

"పెద్దది ఉరుకుతది అత్తమ్మా, మామ చేయి అందుకోలేదు. గిదైతే నిమ్మళంగ పోతది."

ఇవాళ శామీర్‌పేట దగ్గర, ఇంకా ఇండ్లు కట్టని ప్లాట్లలోకి పోయాం. కొత్త బండికి కట్టినట్టే నేను విమానం తోకకు నిమ్మకాయ కట్టాను. ముసలాయన తల కొట్టుకున్నాడు. పద్మ విప్పింది గానీ పారేయలేదు.

"చిన్న ఇంజన్ కదా, ముక్కు తేలికైంది. మీ నిమ్మకాయ బరువు ఆడ కావాలె అత్తమ్మా," అని ఇంజన్ వెనక సందులో దూర్చింది.

ముసలాయన రిమోట్ పట్టుకున్నాడు. విమానం మెల్లగా లేచింది, చుట్లు తిరిగింది, చెక్కుచెదరకుండా దిగింది.

"సూసినవానే?" అని ముసలాయన కేక పెట్టాడు. ఆ గొంతు విని ఎన్నాళ్లయిందో!

రేపు గాలి ఎక్కువైతే ఎట్లా అని ఒక గుబులు. ఉండనీ.

నాకు రాత రాదు. నేను చెబుతుంటే పద్మే రాస్తోంది. నీ మాటే నిజమైంది బిడ్డా, నీ చేయి చల్లగుండ అని ఎదురుగా అనడం నా నోటికి రాదు. అందుకే ఆమె చేతనే రాయిస్తున్నాను.