అమ్మ కాలిలో కరిగే స్క్రూ

నల్లపాడు,
ఆదివారం.

చిట్టితల్లి గుల్షన్‌కు నాన్న దువా.

మేమంతా క్షేమం అని రాయబోయి కలం ఆపాను. మీ అమ్మ కాలు ఒక్కటి పక్కన పెడితే క్షేమమే. నువ్వు వేళకు తింటున్నావనీ, ఆ తిరుచ్చి ఎండల్లో మధ్యాహ్నం పూట తిరగడం లేదనీ అనుకుంటున్నాను.

ఫోను చేయక ఉత్తరమేంటి నాన్నా అంటావు. ఫోనులో నువ్వు చెబుతుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది, పెట్టేశాక ఒక్క ముక్క గుర్తుండి చావదు. పైగా మీ అమ్మ పక్కనే కూర్చుని చెవులు రిక్కించి వింటుంది. ఈసారి సంగతులు ఆమె వినేవి కావు.

నీ ఉత్తరం పదేపదే చదివాను. మెగ్నీషియం తేలికైన లోహమనీ, ఉప్పునీళ్ళు తగిలితే తినేస్తాయనీ, అలా తినకుండా పైన పూత వేయడమే నీ పని అనీ రాశావు. గిన్నెలకు కళాయి పోస్తారే, అలాంటిదే అనుకున్నాను. అక్కడిదాకా బాగానే ఉంది. డాక్టరుగారేమో అది కరగడమే మంచిది, ఎముక అతుక్కున్నాక కరిగిపోతే మళ్ళీ కోసి తీసే పని ఉండదు అంటారు. నువ్వు కరగకూడదంటావు, ఆయన కరగాలంటారు. మళ్ళీ నువ్వే చివర్లో, "ఒంట్లో అయితే కరగాలి నాన్నా, కాకపోతే మెల్లగా కరగాలి" అన్నావు. ఇదేం గోల తల్లీ! పరుపులో దూది ఎంత కూరాలో అడుగు, కళ్ళు మూసుకుని చెబుతాను. ఇది మాత్రం నా బుర్రకెక్కడం లేదు.

నువ్వడిగిన ఎక్స్‌రే సంగతి. మొన్న గుంటూరు తీసుకెళ్ళాను. చీలమండ దగ్గర స్క్రూ చుట్టూ నల్లగా బుడగల్లాంటివి కనబడ్డాయి. అది కరిగేటప్పుడు వచ్చే గ్యాసేనని, భయం లేదని డాక్టరుగారు అన్నారు. కాసేపు చూసి, అనుకున్నదానికంటే తొందరగా కరుగుతున్నట్టుంది, ఎముక ఇంకా గట్టిపడలేదు అని కూడా ఆయనే అన్నారు. మరి భయం ఉన్నట్టా, లేనట్టా? "నొప్పి ఉంటే చెప్పమ్మా, తీసేసి స్టీలుది వేద్దాం. లేకపోతే ఇంకొన్నాళ్ళు ఆగుదాం" అని మీ అమ్మనే అడిగారు.

"లేదండి. ఏం నొప్పి లేదు" అంది.

శనివారం మళ్ళీ రమ్మన్నారు. ఆ రోజు తీసేదీ ఉంచేదీ తేల్చేస్తారట.

మీ సుభానీ మామ ఊరుకుంటాడా? "బావా, తుప్పు పట్టినదాన్ని కాలిలో పెట్టుకుని కూర్చుంటారా? పీకించెయ్యండి!" అని వచ్చినప్పుడల్లా అరుస్తున్నాడు. బోరు మోటార్లు బాగుచేసుకునేవాడికి ఎముకల సంగతేం తెలుసని కసిరాను గానీ, నాకు మాత్రం ఏం తెలుసు?

అమ్మ అంత మొండిగా ఎందుకు తీయించుకోనంటోందని నిన్న ఫోనులో అడిగావు. ఆ జవాబు రాయడానికి ధైర్యం చాలకే ఇంతసేపూ ఏదేదో రాశాను. తప్పు నాదే గుల్షన్.

మిర్చి కల్లంలో తొడిమలు తీయడానికి వెళ్ళి, ఎండుకాయల మీద కాలు జారి పడిందని నీకు తెలుసు కదా. ఆపరేషనంటే వణికిపోయింది. ఇనుము ఒంట్లో పెట్టించుకోనని మంచం పట్టుకుని ఏడ్చింది. డాక్టరుగారు కరిగే రకం ఉందని, అది మెగ్నీషియమని అనగానే నాకు నువ్వు గుర్తొచ్చావు. "పిచ్చిదానా, ఇది మన గుల్షన్ చేసిన స్క్రూనే. వాళ్ళ ల్యాబు నుంచే వస్తుంది" అనేశాను. అంతే, కళ్ళు తుడుచుకుని వేలిముద్ర వేసింది. నిజం తర్వాత చెబుదాంలే అనుకున్నాను. ఈలోగా వీధి వీధంతా చెప్పుకుని మురిసిపోయింది.

ఇప్పుడు పాదం మోపినప్పుడల్లా కొంగు నోట్లో కుక్కుకుంటోంది. నేను చూస్తే నవ్వుతుంది. నిన్న గట్టిగా అడిగాను, "నొప్పి లేదని డాక్టరుకెందుకు చెప్పావే?" అని.

"తీసేస్తే పిల్ల చేసింది పాడైపోయిందనరూ? దాని చదువేం కావాలి?" అంది.

అది నీ చేతిది కాదని చెప్పబోయి, ఆమె కాలి కింద దిండు సర్దాను. చెబితే ఇన్నాళ్ళూ ఆమె ఓర్చుకున్నదంతా ఎవరి స్క్రూ కోసం? చెప్పకపోతే ఆ ఎముక ఏమైపోతుంది? సిగ్గుగా ఉంది, భయంగానూ ఉంది. రేపు పొద్దున్నే కొరియరులో వేస్తాను. అందగానే ఫోను చెయ్యి. నాకు కాదు, మీ అమ్మకే చెయ్యి. నన్ను ఎంత తిట్టుకున్నా సరే, నొప్పి ఉందని డాక్టరుతో చెప్పేలా ఒప్పించు.

ఇది రాస్తుంటే మీ అమ్మ గోడ పట్టుకుని వచ్చి పక్కన నిలబడింది. "అమ్మాయికేనా? నా మాట కూడా ఒకటి రాయండి" అంది. నీ స్క్రూ బ్రహ్మాండంగా ఉందట. నొప్పి అసలు లేదట. నువ్వు దిగులు పెట్టుకోవద్దట. రాశానని చెప్పాను.

ఇట్లు,
మీ నాన్న
బుడే