వెన్నెల్లో కోసిన వెదురు

చర్ల, శుక్రవారం

మా శిక్షణ సెంటర్ ఆడవాళ్లు మొదటి ఆర్డర్‌కి అల్లిన బుట్టలన్నీ పుచ్చిపోయాయి. తడితే పిండి రాలుతోంది. వెన్నెల రోజుల్లో వెదురు కొయ్యొద్దని వాళ్లలో పెద్దామె లచ్చక్క అప్పుడే చెప్పింది. ట్రైనర్‌ని కదా, నేనే వినలేదు.

ఈరోజు తను కోప్పడలేదు. పిండిని వేలికద్దుకుని చూసింది.

"పున్నమికి వెదురు తియ్యగుంటది మేడమ్. పురుగుకు గా సంగతి ఎర్కే."

"మరి ఎప్పుడు కొయ్యాలక్కా?"

"అమాస రానియ్. నువ్వు గూడ రా, నేర్పుత."

అప్పటిదాకా ఆర్డర్ ఆగుతుందో లేదో. కిటికీలోంచి వెన్నెల నా మంచం దాకా వచ్చింది. అవతల అడవిలో వెదురంతా తీపెక్కుతూ ఉంటుంది. మణుగూరు బొగ్గు దుమ్ములో పెరిగిన నేను ఇంత వెన్నెల ఎన్నడూ చూడలేదు. చూస్తూ చూస్తూ, తొందరగా తగ్గిపొమ్మని దాన్నే బతిమాలుతున్నాను.