నువ్వడిగిన గొర్రె చెవి ప్రశ్న

చిన్నాయనా,

బాగున్నావా అని రాయబోయి ఆగిపోయాను. నువ్వు పోయి పదకొండు నెలలైంది. నీ మందను ఇప్పుడు నీ కూతురు రత్నమ్మే చూసుకుంటోంది. ముక్కు మీద మచ్చ ఉన్న గొర్రె ఈసారి రెండు పిల్లలు ఈనింది. రెండూ బతికాయి.

నీకు చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయింది...

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు గుర్తుందా? నేను కృష్ణగిరిలో సైన్సు సారుగా కొత్తగా చేరాను. గురుబరపల్లిలో మన మందకు బొచ్చు కత్తిరించే రోజున బంధువులంతా చేరారు. అంతకు ముందు వారం సంతలో ఎవరో ఊరికే పంచిన చిన్న పుస్తకం నీ చేతికొచ్చింది. ఒక జాతి నుంచి ఇంకో జాతి వచ్చిందనడం వట్టి అబద్ధమనీ, దేవుడు దేన్ని ఎట్లా చేశాడో అది అట్లాగే ఉందనీ అందులో రాశారు. నీకు అక్షరం రాదు. ఎనిమిదో తరగతి చదువుతున్న రత్నమ్మ గడగడా చదివి వినిపించింది. ఇది నిజమా అని నువ్వు నన్నడిగావు. వాదానికి కాదు, తెలుసుకుందామనే అడిగావు. ఆ సంగతి నాకు ఇప్పుడు అర్థమవుతోంది.

నేను జిరాఫీ కథ ఎత్తుకున్నాను. పై కొమ్మల ఆకుల కోసం చాచీ చాచీ దాని మెడ సాగిందనీ, ఆ సాగిన మెడే పిల్లలకు వచ్చిందనీ చెప్పాను. నాకు మా సారు అట్లాగే చెప్పాడు. నేనూ బడిలో అదే చెబుతున్నాను.

నువ్వు కత్తెర పక్కన పెట్టి, చేతిలో ఉన్న గొర్రె చెవి పట్టి చూపించావు. మన మంద అని తెలియడానికి చెవి అంచున వేసే గాటు.

"మా తాత కాలం నించీ చెవులు కోస్తానే ఉండాము కదప్పా... యాడన్నా ఒక్క పిల్లన్నా కోసిన చెవితో పుట్టిందా?"

అందరూ గొల్లున నవ్వారు.  నాకు తెలియదని ఒప్పుకుంటే పోయేది. గొర్రెలు కాసేవాళ్ళకు ఇవన్నీ తలకెక్కవని అనేశాను. ఎవరి ముందు? నన్ను భుజాన ఎక్కించుకుని బడికి తీసుకుపోయిన మనిషి ముందు.

నువ్వు కోపపడలేదు. కత్తెర తుడుచుకుంటూ, "సరేలే సారూ" అన్నావు. అంతవరకూ నీ నోట నేను పెద్దోణ్ణి. ఆ రోజు నుంచి సారునే.

జూన్‌లో రత్నమ్మను తొమ్మిదికి పంపలేదు. అడగడానికి వస్తే నువ్వన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "చదివితే ఇట్ల మాట్లాడాలంటే ఆ చదువు మాకొద్దులేప్పా."

అప్పుడు జవాబు కోసం బయలుదేరాను. నీ కోసమని చెప్పుకున్నాను కానీ, ఎక్కువ నా పరువు కోసమే. హోసూరు లైబ్రరీలో నాలుగు పుస్తకాలు తిరగేస్తే నాలుగింట్లోనూ అదే జిరాఫీ, ఒకరిది చూసి ఒకరు కాపీ కొట్టినట్టు. ఆదివారాలు బెంగళూరు బస్సెక్కాను. జాతి మారదని వాదించే పుస్తకాలు ఊరికే చేతిలో పెట్టేవాళ్ళు, మంచి నున్నటి కాగితం మీద. జవాబు చెప్పేవేమో తాళం వేసిన బీరువాల్లో. ఒకటి దొరికింది గానీ, అందులో దేవుణ్ణి నమ్మేవాళ్ళను వెక్కిరించడమే తప్ప సంగతి లేదు. అది చదువుతుంటే నా మాటలే చదువుకున్నట్టుంది...

చివరికి బెంగళూరు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే కోలారు ఆయనకు ఉత్తరం రాశాను. నీ ప్రశ్న ఉన్నదున్నట్టు రాశాను. ఆయన ఇన్‌లాండ్ కవరులో తెలుగులోనే జవాబిచ్చాడు. మీ చిన్నాయన చెప్పిందే నిజం, మీరు చెప్పింది తప్పు అన్నాడు. బతికుండగా ఒంటికి పడిన గాటు పిల్లలకు రాదు. జిరాఫీలన్నీ ఒకే పొడుగు మెడతో పుట్టవు. మెడ కాస్త పొడుగ్గా పుట్టినదానికి కరువులో మేత అందుతుంది, దాని పిల్లలే ఎక్కువ మిగులుతాయి. అట్లా వేలవేల తరాలు... విత్తనానికి ఏ పొట్టేలును ఉంచుకుంటారో, దేన్ని సంతకు తోలతారో మీ చిన్నాయన్నే అడగండి, ఆయనకు సగం పాఠం ముందే తెలుసు అని రాశాడు. తనకు తెలియనివి తెలియవనీ, ఏ పుస్తకంలో ఏ పేజీ చూసుకోవాలో కూడా రాశాడు. పోయి చూశాను. అట్లాగే ఉంది.

ఆ ఉత్తరం వచ్చేనాటికి నువ్వు బతికే ఉన్నావు చిన్నాయనా.

బస్సులో అరగంట దూరం. నువ్వే గెలిచావు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. వచ్చే పండక్కి చెబుదాం, తీరిగ్గా చెబుదాం అనుకుంటూ ఏళ్ళు గడిపాను. ఎందుకంత సిగ్గు? నీ దగ్గర నాకు సిగ్గేమిటి?

పోయిన వారం ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని గురుబరపల్లి పోయాను. రత్నమ్మ కొత్త పిల్లల చెవులకు గాట్లు వేస్తోంది. అంతా చెప్పాను. ఆ రోజే తెలియదని ఒప్పుకుని ఉంటే నాయన నన్ను బడి మాన్పించేవాడా అని అడిగింది. నేను జేబులోంచి ఉత్తరం తీసి చాపాను.

చేయి కడుక్కుని ఉత్తరం తీసుకుంది. తనే చదువుతానంది. ఒక్కో అక్షరం వేలుతో పట్టుకుని, కూడబలుక్కుంటూ, మొదటి రెండు వాక్యాలు చదివేసరికి చాలాసేపు పట్టింది. ఆ పుస్తకాన్ని గడగడా చదివిన పిల్లేనా ఇది... నేను చూడలేక మంద వైపు తిరిగాను.

ఉత్తరం ఆమె దగ్గరే వదిలి వచ్చాను. ప్రతి ఆదివారం పోతాను. రత్నమ్మ దాన్ని తడుముకోకుండా చదివేదాకా పక్కన కూర్చుంటాను. బడిలో ఆ పాఠం ఇక నీ ప్రశ్నతోనే మొదలుపెడతాను. ఆ రోజు నేను తప్పు చెప్పాననీ పిల్లలకు చెబుతాను.

సారు అనొద్దు చిన్నాయనా, ఒక్కసారి పాత పేరుతో పిలువు.

నీ
పెద్దోడు